చంద్రరావు గారి గొంతు

పాలకొల్లు మొదలు ధవళేశ్వరం దాకా కాలవ ఒడ్డున కాపురమున్న సకల జనులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, గోదావరి డెల్టాలో గుడ్డ మీద వెలుగుబొమ్మ వేయించి, ఆ బొమ్మకి మాట తగిలించి, జనాన్ని కూర్చున్నచోటు నుంచి కదలకుండా చేసిన మొట్టమొదటి మనిషి మగవాడే. ఈ విషయంలో ఎవరూ అనుమానం పెట్టుకోనక్కర్లేదు. తీర్మానం ఉంది, పతకం ఉంది, పతకం పుచ్చుకున్న చంద్రరావు గారి మీసం ఉంది. సుబ్బాయమ్మ అనే చేపలమ్మే మనిషి కూడా ఆ దరిదాపుల్లో ఉండేదని కొందరంటారు. అననివ్వండి. ఆవిడ ఏ దరిని ఉండేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలూను.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్న రోజులవి. కాలవ నీళ్ళొచ్చి డెల్టాలో పొలాలు బాగా పండాయి. పొలాలున్నవారికి తీరిక అంతకంటే బాగా పండింది. పాలకొల్లులో పల్లంరాజు గారికి ఆ తీరిక మరీ విరగపండి, జనానికి జ్ఞానం పంచిపెట్టాలనే సంకల్పం కలిగింది. పంచమని అడిగినవాళ్ళెవరూ లేరు. అయినా ఆయన చెన్నపట్నం వెళ్ళి ఒక మేజిక్ లాంతరు కొనుక్కొచ్చి, గోదావరీ మండల చిత్రప్రకాశ విజ్ఞాన సమాజం స్థాపించి, దానికి తానే అధ్యక్షులై, తనను తాను అభినందించుకున్నారు.

మేజిక్ లాంతరంటే పెద్ద మాయేమీ కాదు. ఒక రేకు డబ్బా, లోపల కిరసనాయిలు దీపం, ముందు భూతద్దం. మధ్యలో గాజుపలక దూర్చితే, పలక మీద రాసిన జానెడు బొమ్మ ఎదురుగా కట్టిన తెల్లగుడ్డ మీద ఏనుగంతై పడుతుంది. దీన్ని వెలిగించడం తెలిసినవాడు ఊళ్ళో ఏసురాజు ఒక్కడే. రాజమహేంద్రవరంలో ఒక దొర దగ్గర పనిచేసి నేర్చుకున్నాడు. వెలుగు సంగతి అలా తేలింది. మాట సంగతి ఊళ్ళో పండితులైన శాస్త్రిగారికి అప్పగించారు.

మొదటి ప్రదర్శన పల్లంరాజు గారి ధాన్యం కొట్టు ముందు, కాలవ గట్టున జరిగింది. శాస్త్రిగారు లండన్ వంతెనను సమాసాలతో వర్ణించారు. వంతెన దాటేలోపల సగం మంది నిద్రపోయారు. తరవాత తిమింగలం బొమ్మ పడింది. "జలచరములయందు మహాకాయమైనట్టి..." అని ఆయన ఎత్తుకునేసరికి మిగిలిన సగం మందీ ఆవులించారు. గట్టు మీద ఖాళీ గంప బోర్లించి కూర్చున్న సుబ్బాయమ్మకి ఒళ్ళు మండింది.

"చేపే కదండీ బాబూ! చేపంటే సరిపోద్ది," అంది. "తలకాయ మన పాలకొల్లులో ఉంటే తోక లాకుల దగ్గరుంటది. కూరొండాలంటే ఊరంతా కలిసి ఒక్క పొయ్యి రాజెయ్యాల. ముల్లు తీసేవోడు నిచ్చెనేసుకుని దిగాల!"

నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కాలవలో పోతున్న పడవ ఆగింది. తరవాతి బొమ్మ లండన్ రాణిగారిది. "పాపం ఆ తల్లి ఎప్పుడు చూసినా కుర్చీలోనే ఉంటది. నడుం పట్టేయదేంటండి? అంతమంది నౌకర్లున్నారు, వెనకాల ఓ దిండెట్టేవోడు లేడు!" అందామె. జనం పడీ పడీ నవ్వారు. శాస్త్రిగారు తనకు గొంతునొప్పిగా ఉందని సభాముఖంగా మనవి చేసి కూర్చున్నారు. సుబ్బాయమ్మ ఉద్యోగం ఆ విధంగా మొదలైంది.

ఆవిడకి లండన్ గురించి ఏమీ తెలియదు. ఆ మాటకొస్తే నరసాపురం అవతల ఏముందో కూడా తెలియదు. తెలిసిందల్లా ఎదుటి మొహం. చేపల గంప గుమ్మంలో దించి, ఇంటావిడ మొహం చూసి, ఇవాళ ఖరీదైన చందువా చేప మాట ఎత్తాలో ఎండురొయ్యల మాట ఎత్తాలో చెప్పేసే మనిషి. మొహం ముడుచుకుంటే మాట తిప్పేది, కన్ను మెరిస్తే మాట పెంచేది. బొమ్మలకీ అదే పద్ధతి పెట్టింది. జనం మొహాలు చూస్తూ చెబుతుంటే సింహం రోజుకో రకంగా గర్జించేది.

పేరు కాలవ వెంట పాకింది. లాకుల దగ్గర ప్రదర్శన వేస్తే లాకులవాడు తలుపులు తెరవడం మానేసి కూర్చునేవాడు. వెనకాల ధాన్యం పడవలు మైలు పొడుగునా నిలిచిపోయినా ఎవరూ తిట్టుకోలేదు, అందరూ అక్కడే ఉన్నారు కనక. పెళ్ళివారు ముహూర్తాలు బొమ్మలయ్యాక పెట్టించుకోసాగారు. ముక్కుపొడుం వర్తకుడొకాయన వచ్చి, లండన్ వంతెనకీ సింహానికీ మధ్య తన పొడుం సంగతి కూడా ఒక మాట చెప్పించుకున్నాడు. ఆ పొడుం పీల్చి సింహం తుమ్మిందని సుబ్బాయమ్మ చెప్పింది. మర్నాటికి ఊళ్ళో అందరూ తుమ్ముతున్నారు.

ఇలా ఒక వేసవి అంతా హాయిగా విని ఆనందించిన తరవాత, మాట్లాడుతున్నది ఆడది అని పెద్దమనుషులు కనిపెట్టారు. పెద్దమనుషుల చూపు అంత సూక్ష్మమైనది. సమాజం అత్యవసరంగా సమావేశమైంది. ఆడదాని గొంతు వినడంలో తప్పులేదనీ, కనబడటంలోనే ఉందనీ పల్లంరాజు గారు సెలవిచ్చారు. సుబ్బాయమ్మ తెర వెనక కూర్చుని మాట్లాడాలి. తెర ముందు కుర్చీలో పల్లంరాజు గారి మేనల్లుడు చంద్రరావు గారు కూర్చుని పెదాలు కదపాలి. చంద్రరావు గారికి చక్కని మీసం, మంచి తలపాగా ఉన్నాయి. ఇతరమైన పనేమీ లేదు. నోటినిండా తాంబూలం పెట్టుకుని నమిలితే పెదాలు వాటంతట అవే కదులుతాయని ఆయన స్వయంగా కనిపెట్టారు. గొంతు కాస్త సన్నంగా ఉందేమిటని ఎవరో అంటే జలుబు చేసిందని చెప్పారు. కొద్దిరోజులకి ఆ మాట కూడా అడగడం మానేశారు. చంద్రరావు గారు ఎంత బాగా మాట్లాడతారండీ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి చంద్రరావు గారు కూడా ఆ మాటే అనసాగారు.

తెర వెనక ఆడమనిషి ఉంది కనక, ఘరానా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా తెర వెనక్కి వచ్చి కూర్చోవచ్చునని మరొక ఉదారమైన తీర్మానం చేశారు. పల్లంరాజు గారి తల్లి చిన్నమ్మాయి గారు అందరికంటే ముందు దిండు పట్టించుకుని వచ్చారు. వెనక్కి కూడా బొమ్మ ఆనాలి కనక గుడ్డని తడిపి కట్టేవారు. సుబ్బాయమ్మ ఆ తడిగుడ్డకి మూరెడు దూరంలో కూర్చుని బొమ్మ చూస్తూ చెప్పాలి. ముందున్న మగవాళ్ళు కనబడరు. ఆడవాళ్ళు చీకట్లో వీపు వెనక ఉంటారు.

ఇది సుబ్బాయమ్మకి గిట్టలేదు. గిట్టకపోవడం కాదు, ప్రాణం ఉసూరుమంది. "తడిగుడ్డకి చేపలమ్ముతున్నట్టుంది మావా," అని మొగుడు సత్తియ్యతో చెప్పుకుని ఏడ్చింది. "అటు నవ్వుతున్నారో నిద్దరోతున్నారో తెలీదు. మొహం కనబడకపోతే నాకు మాటెలా వత్తది?"

"పోయి ఆ బాబునే అడగరాదేంటే?" అన్నాడు సత్తియ్య.

అడిగింది. "ఒక్కపాలి ముందుకొచ్చి చెప్పనివ్వండి బాబయ్యా. తవరికి పుణ్యముంటది," అంది.

పల్లంరాజు గారు పకపకా నవ్వారు. "పిచ్చిదానా! నువ్వే ముందున్నావు, మేమంతా వెనకున్నాం అనుకో. మనసు విశాలంగా ఉండాలే గాని, తెరకి ముందేంటి, వెనకేంటి?" అన్నారు. అంత విశాలమైన మనసుకి ఒక దణ్ణం పెట్టి ఆవిడ తిరిగొచ్చింది.

ఇంతలో పల్లంరాజు గారికి ఒక లోటు తెలిసొచ్చింది. జనానికి సింహం తెలుసు, రాణిగారు తెలుసు, గుడ్డ మీద తాను మాత్రం ఎవరికీ తెలియదు. వెంటనే రాజమహేంద్రవరం వెళ్ళి, పట్టుపంచె కట్టి, ఒంటిమీద జంధ్యం తళతళలాడుతుండగా, పూజ చేస్తున్న భంగిమలో ఫొటో తీయించుకుని గాజుపలక మీదికి ఎక్కించారు. కార్తీక మాసంలో మంచిరోజు చూసి దాన్ని ప్రదర్శనకి పెట్టారు.

ఏసురాజు పలక దూర్చాడు. తెర ముందున్న మగవాళ్ళకి పల్లంరాజు గారు నిండుగా, ఎడమ భుజం మీద జంధ్యంతో దర్శనమిచ్చారు. తెరకి అవతలి నుంచి చూస్తే ఏ బొమ్మైనా కుడి ఎడమలు మారిపోతుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. సింహాన్ని ఎటునుంచి చూసినా సింహమే కదా. తెర వెనక జంధ్యం కుడి భుజం మీద పడింది. జంధ్యం కుడి భుజం మీదికి ఎప్పుడు మారుస్తారో ఈ దేశంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సుబ్బాయమ్మ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

"ఇదిగోనండి మన పల్లంరాజు బాబుగారు!" అంది హుషారుగా. "ఎంత భక్తిగా తద్దినం పెడతన్నారో చూడండి!"

తెర ముందు చంద్రరావు గారి పెదాలు ఆగిపోయాయి. తెర వెనక చిన్నమ్మాయి గారు దిండు మీంచి లేచారు.

"వాళ్ళ నాన్న తద్దినం మాఘంలో గదే! ఇప్పుడెవరికి పెడుతున్నాడు వీడు?" అన్నారు. ఇంట్లో మిగిలిన పెద్దలెవరా అని ఒక్క క్షణం ఆలోచించారు. "ఓరి నాయనో! ఇంకెవరున్నారు, నేనేగా! నేను బతికుండగానే నాకు పెట్టేస్తున్నాడ్రోయ్!" అని గుండెలు బాదుకున్నారు. ఆవిడ ఏడుపు చూసి కోడళ్ళు ఏడ్చారు, కోడళ్ళని చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఏడ్చారు. కాలవలో పోతున్న పడవలు ఆ కబురు అటు నరసాపురానికీ ఇటు ధవళేశ్వరానికీ మోసుకుపోయాయి. తెల్లవారేసరికి చుట్టాలు పడవలేసుకుని పరామర్శకి దిగారు. చిన్నమ్మాయి గారు అరుగు మీద కూర్చుని వాళ్ళందరితో పాటు తన కోసం తానూ ఏడ్చి, పోయాక ఎవరెవరు నిజంగా ఏడుస్తారో చూసుకుని, మధ్యాహ్నం అందరికీ భోజనాలు పెట్టించారు.

విచారణ జరిగింది. ముద్దాయి చంద్రరావు గారు. తద్దినం అన్నమాట ఆయన నోట్లోంచి రాగా విన్నవాళ్ళు వందలమంది. ఆయన తాంబూలం ఉమ్మేసి లేచి, "నేననలేదు మావయ్యా!" అన్నారు. అది ఆయన సొంత గొంతు, బొంగురుగా ఉంటుంది. భయంతో పాపం గొంతు మారిపోయిందని సభ్యులు జాలిపడ్డారు.

అప్పుడు ఏసురాజు ధాన్యం కొట్టు తలుపులు మూసి చీకటి చేసి, తడిగుడ్డ మీద ఆ పలకే మళ్ళీ వేసి, ఒక్కసారి తెర వెనక్కి దయచేయమని పల్లంరాజు గారిని వేడుకున్నాడు. ఆయన వెళ్ళి, అపసవ్యంగా ఉన్న తనను తాను చూసుకుని, కళ్ళు తిరిగి స్తంభం పట్టుకున్నారు. సుబ్బాయమ్మ గబగబా ముందుకొచ్చింది.

"దానికేముందండి బాబయ్యా, ఆడోళ్ళని కూడా ఇటేపే కూచోబెట్టండి. నేనూ ఇటొచ్చేత్తాను. అందరికీ ఒకేలా కనబడతది!"

ఇంత చిన్న ఇబ్బందికి అంత ఘోరమైన ఉపాయమా అని పెద్దలు నివ్వెరపోయారు. పోనీ ఆ ఫొటో తీసేద్దామా అని ఒక సభ్యుడు అన్నాడు. ఆయన ఆ రోజు నుంచి సభ్యుడు కాడు. చివరికి పొద్దుగూకే వేళకి మహత్తరమైన పరిష్కారం దొరికింది. పల్లంరాజు గారు ఈసారి జంధ్యం కుడి భుజం మీదే వేసుకుని ఫొటో తీయించుకుంటారు. అప్పుడు తెర వెనక తల్లిగారికి సవ్యంగా కనబడుతుంది. తెర ముందున్న మగవారికి అపసవ్యంగా కనబడుతుంది కనక, ఆ పలక వేసినంతసేపూ మగవారందరూ కళ్ళు గట్టిగా మూసుకోవాలి. వక్త "తెరవండి" అన్నాకే తెరవాలి. ముందే తెరిచినవాడు అశుభం చూసినట్టే లెక్క, తల మీద నీళ్ళు పోసుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ఏసురాజు క్రైస్తవుడు కాబట్టి, జంధ్యం ఏ భుజం మీదున్నా అతనికి దోషం అంటదని శాస్త్రిగారు నిర్ణయించి, లాంతరు నిమిత్తం అతన్ని మినహాయించారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

కొత్త పలక వచ్చింది. చీకటి పడగానే జనం చేరారు. "కళ్ళు మూసుకోండి బాబూ," అంది సుబ్బాయమ్మ తెర వెనక నుంచి. ఊళ్ళో మగవారందరూ మూసుకున్నారు.

ఆవిడ తెర అంచు తొలగించి తొంగి చూసింది. వరసలు వరసలుగా మూసిన కళ్ళు. పల్లంరాజు గారు, శాస్త్రిగారు, ముక్కుపొడుం వర్తకుడు, అందరూ బుద్ధిగా కూర్చున్నారు. ఎంత దూరమని! తెర కట్టిన గుంజ చుట్టూ తిరిగితే చాలు. కొంగు బిగించింది, తిరిగింది, వెలుతుర్లోకి వచ్చి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా చూస్తే కదా అనడానికి!

"లెగండి బాబూ, కుర్చీ తుడవాల," అంది చంద్రరావు గారితో మెల్లిగా. ఆయన కళ్ళు మూసుకునే లేచారు. ఆవిడ కూర్చుంది. కూర్చుని ఆడవాళ్ళని రమ్మని చెయ్యి ఊపింది. చిన్నమ్మాయి గారు దిండు చంకలో పెట్టుకుని అందరికంటే ముందు వచ్చి, కొడుకు పక్కనే చతికిలబడ్డారు. వెనకే మిగతావాళ్ళు. ఏసురాజు పలక మార్చాడు.

ఆ రాత్రి సుబ్బాయమ్మ చెప్పినట్టు అంతకుముందెన్నడూ ఎవరూ చెప్పి ఉండరు. ఎదురుగా ఆడవాళ్ళ మొహాలు. ఒకావిడ నోరు తెరుచుకుని వింటోంది, ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, చిన్నమ్మాయి గారైతే నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. వాళ్ళని చూస్తుంటే సుబ్బాయమ్మకి మాట వరదలా వచ్చింది. సంతోషంతో కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. సింహం, తిమింగలం, రాణిగారు అందరూ వచ్చి వెళ్ళారు. "తెరవండి" అని మాత్రం అనలేదు. మగవారు తీర్మానానికి కట్టుబడి చివరిదాకా అలాగే విన్నారు. అంతా అయ్యాక ఆడవాళ్ళు వెనక్కి వెళ్ళారు, తానూ వెళ్ళింది, చంద్రరావు గారి కుర్చీ చంద్రరావు గారికి ఇచ్చేసింది. "తెరవండి" అంది. చప్పట్లు మోగిపోయాయి. పల్లంరాజు గారి పలకకి ఇన్నాళ్ళకి తగినంత సమయం ఇచ్చారని సభ్యులు చంద్రరావు గారిని మెచ్చుకున్నారు.

అప్పటి నుంచీ ప్రతి ప్రదర్శనా అలాగే సాగింది. ఎవరూ దొంగచాటుగా కన్ను తెరవలేదా అని మీరడగవచ్చు. అందరూ తెరిచారు. ఎవరి రెప్ప ఎప్పుడు అదురుతుందో సుబ్బాయమ్మకి బాగా తెలుసు. కాని చూశానని ఒప్పుకుంటే ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, పక్కవాడి భార్యని చూసినట్టు కూడా ఒప్పుకోవాలి. అందుకని డెల్టాలో మగవారందరికీ అన్నీ తెలుసు, ఎవరూ ఏమీ చూడలేదు.

వంతెన పూర్తయి, రైలుబళ్ళు గోదావరి దాటడం మొదలయ్యాక, సమాజానికి ఒక ఘనమైన ఆలోచన వచ్చింది. బొమ్మకి మొట్టమొదట మాట నేర్పిన వక్తకి సభ చేసి పతకం ఇవ్వాలి. కబురు విని సుబ్బాయమ్మ కుదురుగా కూర్చోలేకపోయింది. "నన్ను పేరెట్టి పిలిస్తే చాలు మావా. అందరి ముందూ ఒక్కసారి, సుబ్బాయమ్మా అని," అంది. సత్తియ్య పడవ మీద తీసుకొచ్చి దించాడు. ఆవిడ పట్టపగలు సభలోకి నడిచి వెళ్ళింది.

"ఆ మాటలన్నీ నాయేనండి. తవరందరికీ తెలుసు," అంది.

పల్లంరాజు గారు న్యాయం తప్పే మనిషి కాదు. సాక్షులెవరని అడిగారు. మగవారు ఒక్కొక్కరే లేచి, ఆ సమయంలో తాము తీర్మానం ప్రకారం కళ్ళు మూసుకుని ఉన్నట్టు ప్రమాణం చేశారు. చిన్నమ్మాయి గారు ముసలితనంలో కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఇదేరా మాట్లాడింది! నేను నీ పక్కనే కూర్చుని విన్నాన్రా సన్నాసీ!" అని కేకలేశారు. పెద్దావిడకి మతి తప్పినందుకు సభ తన ప్రగాఢ సానుభూతిని తెలియజేసింది.

"అయినా అన్యాయం జరగకూడదు," అన్నారు శాస్త్రిగారు. "గొంతును పరీక్షిద్దాం. అలవాటైన పద్ధతిలో వింటేనే నిజం తేలుతుంది."

సభలో ఉన్నవారందరూ కళ్ళు మూసుకున్నారు.

సుబ్బాయమ్మ ఆ మొహాల్ని ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూసింది. "బాబూ, నేను సుబ్బాయమ్మనండి," అంది. "ఇన్నేళ్ళూ తవర్ని నవ్వించింది నేనేనండి. ఒక్కపాలి కళ్ళు తెరిచి నా మొకం చూడండి. చూసి చెప్పండి."

అందరూ శ్రద్ధగా విన్నారు. తలలూపారు. ఆ తరవాత పల్లంరాజు గారు, కళ్ళు మూసుకునే, సభ అభిప్రాయాన్ని ప్రకటించారు.

"సందేహం లేదు. చంద్రరావు గొంతే ఇది! నోట్లో తాంబూలం ఉన్నా ఎంత స్పష్టంగా ఉందో విన్నారా!"

చప్పట్లు మిన్నుముట్టాయి. అందరికంటే గట్టిగా చంద్రరావు గారు కొట్టారు. సుబ్బాయమ్మ "తెరవండి" అనలేదు. గట్టు దిగి పడవెక్కి వెళ్ళిపోయింది. సభవారు తడుముకుంటూనే చంద్రరావు గారి రొమ్మున పతకం తగిలించారు.

ఆ సభలో మీ తాతగారో ముత్తాతగారో కూడా ఉండే ఉంటారు, ఆ చుట్టుపక్కల పరువైన వారెవరూ రాకుండా లేరు. మీ ఇంట్లో గోడ మీద ఆయన ఫొటో ఉంటే ఒకసారి చూడండి. కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఫొటో తీసేవాడు తెరవమన్నాడు కనక.